నాడీకణాల గుర్తింపులో యాంటీబాడీలు

నాడీకణాల్లో మాత్రమే, లేదా ప్రధానంగా వాటిలోనే తయారయ్యే ప్రోటీన్లను నాడీ మార్కర్ ప్రోటీన్లు అంటారు. ఈ ప్రోటీన్లను పట్టుకునే యాంటీబాడీలను (ప్రతిరక్షకాలను) కణజాలం మీద వేసి, అవి ఎక్కడ అతుక్కున్నాయో రంగు ద్వారానో వెలుగు ద్వారానో చూసి, నాడీకణాలను గుర్తించడం నేటి నాడీశాస్త్ర ప్రయోగశాలల్లో రోజువారీ పని. మెదడులో నాడీకణాలు ఎన్ని ఉన్నాయి, పక్షవాతం తర్వాత ఎన్ని బతికాయి, మూలకణాల నుంచి పెంచినవి నిజంగా నాడీకణాలేనా అనే ప్రశ్నలకు జవాబు వెతకడంలో ఎక్కువగా ఈ పద్ధతినే నమ్ముకుంటారు. అయితే యాంటీబాడీ సూటిగా చెప్పగలిగేది ఒక్కటే: తనకు తెలిసిన ప్రోటీన్ ముక్క, అతుక్కోవడానికి వీలైన స్థితిలో, ఫలానా చోట ఉంది. ఆ కణం నాడీకణం అన్నది పరిశోధకుడు దాని మీద చేసుకునే నిర్ధారణ. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ రంగంలోని విజయాలకూ వివాదాలకూ మూలం.

చరిత్ర

1873లో ఇటలీ శాస్త్రవేత్త కెమిల్లో గోల్జీ వెండి లవణాలతో నాడీకణాలకు నల్లరంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. స్పెయిన్‌కు చెందిన శాంటియాగో రమోన్ ఇ కహాల్ దాన్ని మెరుగుపరచి, మెదడు విడివిడి కణాలతో నిర్మితమైందని వాదించాడు. ఇద్దరికీ కలిపి 1906లో నోబెల్ బహుమతి వచ్చింది. గోల్జీ పద్ధతిలో కొద్దిపాటి కణాలకే రంగు పడుతుంది, కానీ పడినవి కొమ్మలు, రెమ్మలతో సహా కనిపిస్తాయి. జర్మన్ వైద్యుడు ఫ్రాంజ్ నిస్ల్ ప్రవేశపెట్టిన రంగులు ఇందుకు భిన్నం. అవి కణాలన్నిటి ప్రధాన భాగాన్నీ చూపిస్తాయి, కొమ్మలను చూపించవు. రెండు పద్ధతులూ ఆకారాన్నే చూపేవి. కణం లోపల ఏ రసాయనం ఉందో చెప్పే శక్తి వాటికి లేదు.

ఆ లోటు తీర్చే దారి రోగనిరోధక శాస్త్రం నుంచి వచ్చింది. 1941-42లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి వెలుగునిచ్చే రసాయనాన్ని తగిలించి, కణజాలంలో న్యుమోకాకస్ బ్యాక్టీరియా ఆనవాళ్ళను మైక్రోస్కోపులో చూపించింది. 1966లో పాల్ నకానే, బ్యారీ పియర్స్ వెలుగు రసాయనానికి బదులు పెరాక్సిడేజ్ అనే ఎంజైమును తగిలించారు. దాంతో మామూలు మైక్రోస్కోపులోనే గోధుమరంగు మచ్చగా ప్రోటీన్‌ను చూడటం వీలైంది. 1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ హైబ్రిడోమా పద్ధతిని ప్రకటించారు. యాంటీబాడీని తయారుచేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపేస్తే, ఆ సంకర కణం ఒకే రకం యాంటీబాడీని అంతులేకుండా ఇస్తూపోతుంది. 1984 నోబెల్ బహుమతిని వీరిద్దరూ నీల్స్ జెర్నేతో కలిసి పంచుకున్నారు.

ఈలోగా మెదడుకే ప్రత్యేకమైన ప్రోటీన్ల వేట మొదలైంది. 1965లో అమెరికాలో బ్లేక్ మూర్ ఎస్-100 అనే ప్రోటీన్‌ను మెదడు నుంచి వేరుచేశాడు. అది ప్రధానంగా నాడీకణాలకు తోడుండే గ్లియా కణాలదని తర్వాత తేలింది. ఆపైన చర్మంలోని రంగుకణాల్లో కూడా దొరికింది. మెదడు సొత్తు అనుకున్న ప్రోటీన్ ఇతర కణాల్లో బయటపడటం ఈ రంగంలో తర్వాత కూడా చాలాసార్లు జరిగింది.

యాంటీబాడీ పనితీరు

యాంటీబాడీ ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉండే ప్రోటీన్. దాని రెండు చేతుల చివర్లు లక్ష్య ప్రోటీన్ మొత్తాన్ని కాక, అందులో కొద్దిపాటి అమినో ఆమ్లాల ముక్కను పట్టుకుంటాయి. ఆ ముక్కను ఎపిటోప్ అంటారు. లక్ష్య ప్రోటీన్‌ను కుందేలుకో మేకకో ఎక్కించి రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు అనేక ఎపిటోప్‌లను పట్టుకుంటాయి. ఇవి పాలీక్లోనల్. సంకేతం బలంగా ఇస్తాయి గానీ, జంతువు మారితే సరుకూ మారుతుంది. హైబ్రిడోమా నుంచి వచ్చే మోనోక్లోనల్ ఒకే ఎపిటోప్‌ను పట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకేలా ఉంటుంది గానీ, ఆ ఒక్క ఎపిటోప్ మూసుకుపోతే మొత్తం కనపడకుండా పోతుంది.

ప్రోటీన్‌ను నేరుగా పట్టుకునేది ప్రైమరీ యాంటీబాడీ. దానికి సాధారణంగా రంగు ఉండదు. ప్రైమరీని పట్టుకునే సెకండరీ యాంటీబాడీకి ఫ్లోరసెంట్ రసాయనమో ఎంజైమో తగిలించి ఉంటుంది. ఒక్కో ప్రైమరీ మీద అనేక సెకండరీలు చేరతాయి కాబట్టి సంకేతం పెరుగుతుంది. చిట్టెలుకలో తయారైన ప్రైమరీకి ఎర్ర వెలుగు, కుందేలులో తయారైనదానికి ఆకుపచ్చ వెలుగు ఎంచుకుంటే రెండు ప్రోటీన్లను ఒకే కణజాల పొరలో విడివిడిగా చూడవచ్చు. ఇందులో ఒక చిక్కుంది. చిట్టెలుకలో తయారైన ప్రైమరీని చిట్టెలుక మెదడు మీదే వాడితే, సెకండరీ ఆ జంతువు సొంత యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది. గాయమైన మెదడులో రక్తం కారి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ గందరగోళం మరీ ఎక్కువ.

ప్రధాన మార్కర్లు

మార్కర్లను కణంలో అవి ఉండే చోటును బట్టి, కణం వయసును బట్టి, కణం చేసే పనిని బట్టి వర్గీకరిస్తారు.

కేంద్రకంలో కనిపించే మార్కర్లలో ముఖ్యమైనది న్యూఎన్. డెండ్రైట్లు, అంటే సంకేతాలను అందుకునే కొమ్మలు, ఎంఏపీ2 అనే ప్రోటీన్‌తో తెలుస్తాయి. ఆక్సాన్లు, అంటే సంకేతాలను మోసే పొడవాటి తంతువులు, టౌ ప్రోటీన్‌తోనూ న్యూరోఫిలమెంట్లతోనూ తెలుస్తాయి. న్యూరోఫిలమెంట్లలో తేలిక, మధ్యమ, భారీ అని మూడు రకాలున్నాయి. భారీ రకానికి ఫాస్ఫేట్ చేరిందా లేదా అన్నదాన్ని బట్టి వేర్వేరు యాంటీబాడీలు అతుక్కుంటాయి. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే సినాప్సుల దగ్గర పంపే వైపు సినాప్టోఫైసిన్‌ను, అందుకునే వైపు పీఎస్‌డీ-95ను చూస్తారు. రెండు చుక్కలూ పక్కపక్కనే కనిపిస్తే అక్కడ సినాప్సు ఉండవచ్చని లెక్క.

వయసును బట్టి చూస్తే, అప్పుడే పుట్టి తన చోటుకు కదులుతున్న నాడీకణంలో డబుల్‌కార్టిన్ ఉంటుంది. కణం ఎదిగేకొద్దీ అది తగ్గిపోయి న్యూఎన్ కనిపిస్తుంది. బీటా-3 ట్యూబ్యులిన్ తొలిదశ నుంచే ఉంటుంది. మూలకణాల ప్రయోగశాలల్లో ఎక్కువగా చెప్పుకునే టీయూజే1 అనే యాంటీబాడీ పట్టుకునేది దీన్నే. కొన్ని క్యాన్సర్ కణాలు కూడా ఈ ప్రోటీన్‌ను తయారుచేస్తాయి.

పనిని బట్టి చూస్తే, డోపమిన్ తయారుచేసే కణాలకు టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, గాబా కణాలకు గ్లుటామేట్ డీకార్బాక్సిలేజ్, ఎసిటైల్‌కోలిన్ కణాలకు కోలిన్ ఎసిటైల్‌ట్రాన్స్‌ఫరేజ్ మార్కర్లు. ఇవన్నీ ఆయా రసాయనాలను తయారుచేసే ఎంజైములే. నాడీకణాలు కానివాటికి కూడా మార్కర్లున్నాయి. గ్లియాలో ఆస్ట్రోసైట్లనే రకానికి జీఎఫ్ఏపీ, మైక్రోగ్లియా అనే రకానికి ఐబా1 వాడతారు. జీఎఫ్ఏపీ కూడా పూర్తిగా ఆస్ట్రోసైట్ల సొత్తు కాదు, మెదడు భాగమైన హిప్పోకాంపస్‌లోని నాడీ మూలకణాల్లోనూ ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో మనిషి గుర్తింపుకు పుట్టుమచ్చలు రెండు రాసినట్టే, జాగ్రత్తగల ప్రయోగశాల ఒక కణం రకాన్ని ఒకే మార్కర్‌తో తేల్చదు.

న్యూఎన్ కథ

మార్కర్ ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో చూడటానికి న్యూఎన్ మంచి ఉదాహరణ. 1992లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మల్లెన్ బృందం మెదడు కణాల కేంద్రకాలకు వ్యతిరేకంగా అనేక మోనోక్లోనల్ యాంటీబాడీలను తయారుచేసింది. వాటిలో ఏ60 అనేది వెన్నెముక ఉన్న రకరకాల జంతువుల నాడీకణాలకే, ప్రధానంగా వాటి కేంద్రకాలకు, అతుక్కుంది. అది పట్టుకుంటున్న ప్రోటీన్ ఏదో అప్పటికి తెలియదు కాబట్టి, నాడీకణ కేంద్రకం అనే అర్థంలో న్యూఎన్ అని పేరు పెట్టారు. విభజన మానేసి పరిణతి చెందుతున్న దశలో ఇది కణంలో కనిపించడం మొదలవుతుంది.

ఆ ప్రోటీన్ ఏమిటో తెలియకుండానే 17 ఏళ్ళపాటు ప్రపంచమంతా ఏ60ను వాడింది. 2009లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కీ కిమ్, రాబర్ట్ అడెల్‌స్టైన్, సచియో కవామోటో అది ఆర్‌బీఫాక్స్3 అని తేల్చారు. ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కత్తిరించి అతికే ప్రక్రియను నియంత్రించే ప్రోటీన్ అది.

అదే ఏడాది బ్రెజిల్‌లో సుజానా హెర్కులానో-హౌజెల్, రాబర్టో లెంట్ బృందం మనిషి మెదడులోని నాడీకణాలను లెక్కగట్టింది. వారి ఉపాయం ముచ్చటైనది. ఫార్మాలిన్‌లో గట్టిపడిన మెదడు భాగాలను గాజు గొట్టంలో నూరి, కేంద్రకాలు మాత్రం చెడకుండా మిగిలే ద్రవంగా మార్చారు. బాగా కలిపితే ఆ ద్రవంలో కేంద్రకాలు సమంగా పరుచుకుంటాయి కనుక, చిన్న నమూనాలో లెక్కపెడితే మొత్తం అంచనా వస్తుంది. డీఎన్‌ఏకు అతుక్కునే డాపి అనే నీలి రంగు అన్ని కేంద్రకాలనూ చూపించింది. వాటిలో న్యూఎన్ యాంటీబాడీ పట్టిన శాతాన్ని బట్టి నాడీకణాల సంఖ్య వచ్చింది. 50 నుంచి 71 ఏళ్ళ వయసులో మరణించిన నలుగురు పురుషుల మెదళ్ళలో సగటున సుమారు 8,600 కోట్ల నాడీకణాలు, దాదాపు అంతే సంఖ్యలో ఇతర కణాలు తేలాయి. నాడీకణాలకు పదింతలు గ్లియా ఉంటాయని పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాట దీంతో వీగిపోయింది.

ఇంత ఉపయోగపడిన న్యూఎన్‌కు కూడా గుడ్డి చోట్లున్నాయి. చిన్నమెదడులోని పర్కింజీ కణాలు, వాసనను గ్రహించే భాగంలోని మైట్రల్ కణాలు, కంటి రెటీనాలోని కాంతిగ్రాహక కణాలు దీనికి కనపడవు. పర్కింజీ కణాల సంఖ్య మొత్తంలో ఎంతో స్వల్పం కాబట్టి బ్రెజిల్ బృందం లెక్క చెడలేదు. అదే పర్కింజీ కణాల మీద పరిశోధన చేసేవారు న్యూఎన్‌ను నమ్ముకుంటే అక్కడ నాడీకణాలే లేవనుకునే ప్రమాదం ఉంది. అలాగే మెదడుకు రక్తసరఫరా తగ్గినప్పుడు కణం బతికి ఉండగానే న్యూఎన్ సంకేతం పడిపోవచ్చు. ఆ సంకేతం పోయినంత మాత్రాన కణం చచ్చిపోయిందని రాస్తే తప్పు.

ప్రయోగశాలలో జరిగే పని

చిట్టెలుక మెదడుతో చేసే మామూలు ప్రయోగంలో, మత్తిచ్చిన జంతువు గుండె ద్వారా ముందు ఉప్పునీరు, తర్వాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ ఎక్కిస్తారు. ఇది ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేసి ఉన్నచోటే నిలబెడుతుంది. మెదడును బయటకు తీసి 30 శాతం చక్కెర ద్రావణంలో వేస్తారు. మొదట తేలి, ద్రావణం లోపలికంటా పట్టాక అడుగుకు మునుగుతుంది. మునిగిందంటే గడ్డకట్టించడానికి సిద్ధమైనట్టు. చక్కెర పట్టించకపోతే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి.

గడ్డకట్టిన మెదడును సుమారు 40 మైక్రోమీటర్ల పొరలుగా కోసి, చిన్న గుంటల పళ్ళేల్లో ద్రవంలో తేలేలా ఉంచి, ఒక గుంట నుంచి మరో గుంటకు సన్నని కుంచెతో మారుస్తారు. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంటుతో కణాల పొరలకు రంధ్రాలు పెట్టకపోతే యాంటీబాడీ లోపలికి వెళ్ళలేదు. ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా ముందుగా జంతు సీరంతో ఖాళీ చోట్లను నింపేస్తారు. దీన్ని బ్లాకింగ్ అంటారు. సెకండరీ యాంటీబాడీ మేకదైతే బ్లాకింగ్‌కూ మేక సీరమే వాడతారు. ప్రైమరీని 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా నెమ్మదిగా ఊగే పళ్ళెంలో ఉంచి, మర్నాడు బఫర్‌తో పలుమార్లు కడిగి, సెకండరీని చీకట్లో గంట, రెండు గంటలు పెడతారు. వెలుతురు తగిలితే ఫ్లోరసెంట్ రసాయనం వెలిసిపోతుంది. చివరకు పొరను గాజు పలకపై పరిచి, కవర్‌స్లిప్ వేసి, అంచులను చాలాచోట్ల మామూలు నెయిల్ పాలిష్‌తోనే మూసేస్తారు.

ఆసుపత్రుల నుంచి వచ్చే మనిషి మెదడు నమూనాలు చాలావరకు ఫార్మాలిన్‌లో నాని, మైనంలో బిగించి ఉంటాయి. ఫార్మాలిన్ ప్రోటీన్ల మధ్య వేసిన అడ్డుముళ్ళు ఎపిటోప్‌లను మూసేస్తాయి. 1991లో అమెరికాలో షాన్-రాంగ్ షీ బృందం ఇలాంటి పొరలను ద్రావణంలో మైక్రోవేవ్‌తో వేడిచేస్తే యాంటీబాడీ మళ్ళీ అతుక్కుంటుందని చూపింది. ఇప్పుడు చాలా ల్యాబుల్లో సిట్రేట్ బఫర్ పోసిన ప్రెషర్ కుక్కర్‌తో ఆ పని కానిస్తారు. వృద్ధుల నాడీకణాల్లో పేరుకునే లిపోఫుసిన్ అనే వ్యర్థపదార్థం తనంతట తానే వెలుగుతుంది. సుడాన్ బ్లాక్ లాంటి రంగుతో దాన్ని అణచకపోతే అదే మార్కర్ వెలుగుగా కనిపిస్తుంది.

ప్రోటీన్ ఎక్కడ ఉందో కాక ఎంత ఉందో తెలియాలంటే వెస్టర్న్ బ్లాట్ చేస్తారు. కణజాలాన్ని కరిగించి, ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి జెల్‌లో విడదీసి, పల్చని పొర మీదకు మార్చి, యాంటీబాడీ పెడతారు. సినాప్టోఫైసిన్‌కు 38 కిలోడాల్టన్ల దగ్గర, పెద్ద ఎంఏపీ2కు 280 దగ్గర, భారీ న్యూరోఫిలమెంట్‌కు 200 దగ్గర గీత రావాలి. వేరేచోట్ల గీతలు వస్తే యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోందని అనుమానించాలి. బ్లాట్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, కణజాలంలో మడతలతో ఉంటుంది. కాబట్టి ఒకచోట పనిచేసిన యాంటీబాడీ రెండోచోట పనిచేస్తుందన్న హామీ లేదు.

సరిచూసుకునే పద్ధతులు

ప్రతి ప్రయోగంతోపాటు కొన్ని పోలిక నమూనాలు నడపాలి. ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన పొర చీకటిగా ఉండాలి. ఆ ప్రోటీన్ ఉందని ముందే తెలిసిన భాగం వెలగాలి, లేదని తెలిసిన భాగం వెలగకూడదు. అన్నిటికంటే గట్టి పరీక్ష జన్యు నాకౌట్. లక్ష్య ప్రోటీన్ జన్యువును తీసేసిన జంతువులోనో కణంలోనో కూడా వెలుగు వస్తే, ఆ యాంటీబాడీ పట్టుకుంటున్నది ఆ ప్రోటీన్‌ను మాత్రమే కాదు.

ఈ పరీక్షలు చేయని వ్యాసాలు పేరుకుపోవడంతో 2003లో జర్నల్ ఆఫ్ కంపారటివ్ న్యూరాలజీ సంపాదకీయం ద్వారా హెచ్చరించి, వాడిన ప్రతి యాంటీబాడీకి రుజువు ఇవ్వాలని రచయితలను అడగడం మొదలుపెట్టింది. 2014 నుంచి ఆర్‌ఆర్‌ఐడీ అనే గుర్తింపు సంఖ్యలు వాడుకలోకి వచ్చాయి. ఏ కంపెనీది, ఏ క్లోన్ అన్నది వాటితో కచ్చితంగా తెలుస్తుంది. 2023లో కెనడా కేంద్రంగా నడిచే వైకారోస్ బృందం, నాడీశాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్లకు మార్కెట్లో దొరికే 614 యాంటీబాడీలను నాకౌట్ కణాలతో పక్కపక్కన పెట్టి పరీక్షించింది. ఎన్నో యాంటీబాడీలు తమ లక్ష్యాన్ని గుర్తించలేకపోయాయి. అలా విఫలమైనవాటిని వాడిన పరిశోధన వ్యాసాలు ఒక్కో ప్రోటీన్‌కు సగటున 12 వరకు లెక్కతేలాయి. జన్యుక్రమం తెలిసి, ప్రయోగశాలలోనే ఉత్పత్తి చేసే రీకాంబినెంట్ యాంటీబాడీలు మిగతావాటికంటే మెరుగ్గా నిలిచాయి.

హిప్పోకాంపస్ వివాదం

ఎదిగిన మనిషి మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా అన్న ప్రశ్న ఎక్కువభాగం మార్కర్ల మీదే నడిచింది. 1998లో స్వీడన్‌కు చెందిన పీటర్ ఎరిక్సన్, అమెరికాకు చెందిన ఫ్రెడ్ గేజ్ బృందం ఐదుగురు క్యాన్సర్ రోగుల మెదళ్ళను మరణానంతరం పరీక్షించింది. బతికుండగా వారికి బీఆర్‌డీయూ అనే పదార్థం ఇచ్చారు. విభజన చెందే కణం దాన్ని తన డీఎన్‌ఏలో కలుపుకుంటుంది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో బీఆర్‌డీయూ, న్యూఎన్ రెండూ ఉన్న కణాలు దొరికాయి. అంటే ఎదిగాక పుట్టిన నాడీకణాలు.

2018లో కాలిఫోర్నియాలో అర్టురో అల్వారెజ్-బుయ్యా బృందం డబుల్‌కార్టిన్‌తోపాటు ఇతర మార్కర్లతో 59 నమూనాలు చూసి, పసి వయసులోనే ఈ కణాలు గణనీయంగా తగ్గిపోతాయని, పెద్దల్లో కనపడలేదని ప్రకటించింది. కొద్ది వారాల్లోనే కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన మౌరా బోల్డ్రినీ బృందం 14 నుంచి 79 ఏళ్ళవారి మెదళ్ళలో వేల సంఖ్యలో ఎదగని నాడీకణాలు ఉన్నాయని చెప్పింది. 2019లో మాడ్రిడ్‌లో మరియా లోరెన్స్-మార్టిన్ బృందం ఒకే మెదడు ముక్కలను వేర్వేరు కాలాలపాటు కణజాలాన్ని స్థిరపరిచే ఫిక్సేటివ్‌లో ఉంచి చూసింది. తక్కువ గంటలు ఉంచినవాటిలో డబుల్‌కార్టిన్ స్పష్టంగా కనిపించింది, ఎక్కువకాలం ఉంచినవాటిలో మాయమైంది. కణం లేకపోవడం, కణం ఉన్నా యాంటీబాడీకి అందకపోవడం మైక్రోస్కోపులో ఒకేలా ఉంటాయని ఈ ప్రయోగం చూపింది. ఎదగని నాడీకణాలతో పోలిన కణాలన్నీ కొత్తగా పుట్టినవేనా అన్న అభ్యంతరం మాత్రం మిగిలింది.

యాంటీబాడీని వేరే ఆధారంతో జతచేసినప్పుడే చర్చ ముందుకు కదిలింది. స్వీడన్‌లో యోనాస్ ఫ్రిసెన్ బృందం న్యూఎన్ యాంటీబాడీతో నాడీకణాల కేంద్రకాలను మిగతావాటి నుంచి విడదీసి, వాటి డీఎన్‌ఏలోని కార్బన్-14ను కొలిచింది. అణ్వాయుధ పరీక్షల వల్ల వాతావరణంలో ఈ కార్బన్ మోతాదు ఏయేటికాయేడు మారింది కాబట్టి, కణం ఏ కాలంలో పుట్టిందో అంచనా వేయవచ్చు. 2013లో ఈ లెక్క ప్రకారం పెద్దవారి ఒక్కో హిప్పోకాంపస్‌లో రోజుకు సుమారు 700 కొత్త నాడీకణాలు చేరుతున్నాయని వారు ప్రకటించారు. 2025లో అదే బృందం విడివిడి కేంద్రకాల ఆర్‌ఎన్‌ఏను చదివి, పెద్దవారిలో విభజన చెందే పూర్వకణాలు ఉన్నాయని చూపింది. వ్యక్తికీ వ్యక్తికీ తేడా ఎక్కువగా ఉంది.

వైద్యంలో వాడకం

మెదడు గడ్డల నిర్ధారణలో గడ్డ నాడీకణాల నుంచి వచ్చిందా, గ్లియా నుంచి వచ్చిందా అన్నది తేల్చడానికి సినాప్టోఫైసిన్, న్యూఎన్, జీఎఫ్ఏపీ యాంటీబాడీలను కలిపి వాడతారు. మూర్ఛకు శస్త్రచికిత్స చేసి తీసిన ముక్కల్లో నాడీకణాల పొరలు క్రమం తప్పాయా అని న్యూఎన్‌తో చూస్తారు. పార్కిన్సన్స్ వ్యాధి పరిశోధనలో టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఉన్న డోపమిన్ కణాలను లెక్కపెడతారు. కణం చావకుండా ఎంజైమును మాత్రమే తగ్గించుకోగలదు కాబట్టి, పక్కనే నిస్ల్ రంగుతోనూ లెక్క సరిచూస్తారు.

మెదడును కోయకుండా రక్తంలోనే మార్కర్‌ను కొలిచే పద్ధతులూ వచ్చాయి. నాడీకణాల తంతువులు దెబ్బతింటే తేలిక రకం న్యూరోఫిలమెంట్ వెన్నుద్రవంలోకి, అక్కడి నుంచి కొద్దిగా రక్తంలోకి చేరుతుంది. రెండు యాంటీబాడీల మధ్య దాన్ని చిక్కించుకుని కొలుస్తారు. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏఎల్‌ఎస్ వ్యాధిలో ఒక జన్యురకానికి టోఫెర్సెన్ అనే మందును త్వరిత పద్ధతిలో ఆమోదించినప్పుడు, రక్తంలో ఈ ప్రోటీన్ తగ్గడాన్నే ప్రధాన ఆధారంగా తీసుకుంది.

ప్రస్తుత ధోరణులు

2013లో కార్ల్ డైసెరోత్ బృందం ప్రకటించిన క్లారిటీ పద్ధతిలో మెదడులోని కొవ్వును తీసేసి పారదర్శకంగా మార్చి, పొరలుగా కోయకుండానే యాంటీబాడీ పట్టిస్తారు. 2015లో ఎడ్వర్డ్ బోయ్డెన్ బృందం కణజాలాన్ని ఉబ్బే జెల్‌లో బిగించి, దాన్నే పెద్దది చేసి చూసే మార్గం కనిపెట్టింది. ఒక్కో కణంలోని వేల జన్యువుల ఆర్‌ఎన్‌ఏను చదివే పద్ధతులు నాడీకణ రకాల జాబితాను ఎంతో విస్తరించాయి. అయినా ప్రోటీన్ ఏ కొమ్మలో, ఏ సినాప్సులో ఉందో, దానికి ఫాస్ఫేట్ చేరిందో లేదో ఆర్‌ఎన్‌ఏ చెప్పలేదు. అందుకే యాంటీబాడీల అవసరం తగ్గలేదు. ఆర్‌ఎన్‌ఏ ఆధారంగా కణం రకాన్ని, యాంటీబాడీ ఆధారంగా ప్రోటీన్ ఉన్న చోటును తేల్చి, రెండూ ఏకీభవించినచోటే నిర్ధారణకు రావడం ఇప్పుడు స్థిరపడుతున్న పద్ధతి.